డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

మన భైంసానుండియు, పరిసర గ్రామములనుండియు ఏటేట కొందరు బాలబాలికలు ఉన్నత పాఠశాల చదువు ముగించి, కాలక్రమమున నర్సింగు విద్యకును ఫార్మసీ విద్యకును పట్టణములకు పోవుచున్నారు. అచ్చట వారిని మిక్కిలి భయపెట్టునది ఔషధశాస్త్రము. పుస్తకమున ఒక వైపున మందు పేరు, రెండవ వైపున దాని యుపయోగము; ఈ రెంటిని జతచేసి వల్లెవేయుటయే చదువని పలువురు తలతురు. పరీక్ష ముగిసిన మరునాడే ఆ జతలు విడిపోవును. ఏ మందును ఏ రోగము కోరినదో, దానిని వెదకినవారు ఎట్లు వెదకిరో తెలిసికొన్నచో ఆ పేర్లు మనస్సున నిలుచును. నేడు సామాన్యముగా వాడబడు నాలుగు మందుల వెనుక నిలిచిన యొక తెలుగువాని చరిత్రమును మన విద్యార్థుల మేలుకొరకు సంగ్రహముగా వ్రాయుచున్నాము.

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు రెవిన్యూ శాఖలో ఉద్యోగి. అనారోగ్యముచే ముందుగనే పని విరమించిరి. తల్లి వెంకమ్మగారు. ఏడుగురు సంతానములో సుబ్బారావుగారు నాలుగవవారు. ఇంట లేమి యుండెను; బాలునకు చదువుపై మనస్సు నిలువకుండెను. పదుమూడవ యేట ఇల్లు విడిచి, కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని బయలుదేరగా, పెద్దలు వెదకి తిరిగి తెచ్చిరి. మెట్రిక్యులేషను పరీక్షలో రెండు మారులు తప్పిరి. తండ్రి 1913లో గతించిరి. తల్లి మాత్రము పట్టు విడువక, తన నగలమ్మి యైనను కుమారుని చదువు మాననీయలేదు. తుదకు చెన్నపట్టణమున హిందూ హైస్కూలునుండి మూడవ మారు ఆ పరీక్ష నెగ్గిరి.

ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియెట్ ముగిసిన పిమ్మట వారు రామకృష్ణ మఠమున చేరి సన్న్యసింపగోరిరి. తల్లి యంగీకరింపలేదు. వైద్యము నేర్చినచో సేవకు దారి దొరకునని తలచి మద్రాసు వైద్యకళాశాలలో ప్రవేశించిరి. 1919లో శేషగిరిగారితో వివాహమయ్యెను; మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు చదువునకు సాయపడిరి. అవి గాంధీమహాత్ముని పిలుపు దేశమంతట వినబడుచున్న దినములు. సుబ్బారావుగారు శస్త్రచికిత్సాశాలలో సయితము ఖద్దరు అంగీ ధరించి నిలువగా, ఆ శాఖ ఆచార్యులకు ఆగ్రహము కలిగెను. వ్రాతపరీక్షలలో బాగుగ వ్రాసినను, వారికి ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కెను. ప్రభుత్వ వైద్యోద్యోగము దొరకలేదు. డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రమును బోధించుచు కొంతకాలము గడపిరి.

ఆ యింట ఒక రోగము చేసిన నాశనమును ఇచ్చట చెప్పక తప్పదు. దానిని ఆంగ్లవైద్యులు స్ప్రూ అందురు. మన నాట సంగ్రహణి యని చెప్పుదానిని పోలియుండును. పేగులు అన్నసారమును గ్రహింపజాలవు. రోగికి విరేచనములు ఆగవు, నాలుక పుండగును, రక్తము పలుచనై శరీరము శుష్కించును. సుబ్బారావుగారి సోదరులిద్దరు ఎనిమిది దినముల యెడములో ఈ రోగముచే మరణించిరి. తమకును అదియే సోకగా, లక్ష్మీపతిగారి చికిత్సవలన బ్రతికి బయటపడిరి. వైద్యపట్టము చేతనుండియు తోడబుట్టినవారిని కాపాడుకొనలేని దుఃఖము ఆయనను ఊరకుండనీయలేదు. ఉష్ణదేశముల వ్యాధులను మూలమునుండి నేర్వవలెనని నిశ్చయించి సముద్రము దాటి, 1922వ సంవత్సరము అక్టోబరు 26వ తేదీన అమెరికాయందలి బోస్టను నగరము చేరిరి.

హార్వర్డు విశ్వవిద్యాలయపు ఉష్ణదేశవైద్య పాఠశాలలో చేరిరి గాని, చేత ధనము లేదు. రాత్రివేళ ఆసుపత్రిలో కూలిపని చేయుచు, రోగుల మలమూత్ర పాత్రలు కడుగుచు, పగలు చదివిరి. అది ముగించి, జీవరసాయనశాఖలో సైరస్ ఫిస్కే అను ఆచార్యునితో పనిచేయసాగిరి. వారిరువురు 1925లో రక్తమందును మూత్రమందును గల భాస్వరమును కొలుచు పద్ధతినొకదానిని ప్రకటించిరి. ద్రవములో కొన్ని లవణములు కలిపినపుడు నీలవర్ణము పుట్టును. వర్ణము ఎంత గాఢమో భాస్వరము అంత యెక్కువ. ఈ సులభమార్గము ఫిస్కే–సుబ్బారావు పద్ధతియను పేర ప్రయోగశాలలకెక్కి, నేటికిని విద్యార్థులకు నేర్పబడుచున్నది. దాని సాయముననే వారు 1927లో కండరములయందలి ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఎ.టి.పి. అను పదార్థమును కనుగొనిరి. ఎ.టి.పి.ని అదే కాలమున జర్మనీలో లోమాను అను శాస్త్రజ్ఞుడు వేరుగా కనుగొనెను. మనము చేయెత్తినను, అడుగిడినను, ఆ శక్తి చెల్లింపబడునది ఈ ఎ.టి.పి. రూపముననే. 1930లో వారికి హార్వర్డు డాక్టరు పట్టము లభించెను. స్థిరమైన యుద్యోగము మాత్రము లభింపలేదు.

1940లో సుబ్బారావుగారు హార్వర్డును విడిచి, న్యూయార్కు రాష్ట్రమున పెర్ల్ రివర్ అను గ్రామమున నున్న లెడర్లీ మందుల సంస్థలో చేరి, పరిశోధనలకు అధిపతులైరి. అచ్చట గడచిన ఎనిమిది సంవత్సరములే ఔషధశాస్త్ర విద్యార్థికి ముఖ్యములు.

మొదటిది ఫోలిక్ ఆమ్లము. లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు 1928లో బొంబాయికి వచ్చి, గర్భిణులైన పేద స్త్రీల రక్తహీనతను పరీక్షించి, ఈస్టు సారముచే అది కుదురునని కనుగొనియుండెను. ఆ సారములో గుణమిచ్చు పదార్థమేదో తెలియకుండెను. సుబ్బారావుగారి బృందము దానిని శుద్ధిచేసి, 1945లో ప్రయోగశాలయందు తయారుచేయగలిగెను. గర్భిణులకును, పాఠశాలలో వారమునకొకమారు బాలబాలికలకును ఇనుముతో కలిపి యిచ్చు మాత్రలో నున్నది ఇదియే. పరీక్షార్థులు ఒక్కటి మరువరాదు: విటమిన్ బి12 లోపమువలన వచ్చిన రక్తహీనతకు ఫోలిక్ ఆమ్లము నొక్కదానినే యిచ్చినచో రక్తము బాగుపడినట్లు కనబడును గాని, లోపల నరములు చెడుచునేయుండును.

రెండవది దీనికి శత్రువు. శరీరకణము పెరిగి రెండగుటకు ఫోలిక్ ఆమ్లము కావలయును. అట్లయిన, ఆ యామ్లమును పోలియుండి దాని పని చేయని పదార్థము నిచ్చినచో, హద్దులేక పెరుగు కణములు ఆగునా? తాళమున పట్టి తిరుగని మారు తాళపుచెవి వంటిది ఈ యుపాయము. లెడర్లీలో తయారైన అమినోప్టెరిన్ అను మందును బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు రక్తపు క్యాన్సరుతోనున్న పిల్లలకిచ్చెను. 16 మందిలో 10 మందికి కొంతకాలము రోగము వెనుదీసెనని 1948లో ప్రకటించెను. అంతకు పూర్వము ఆ రోగమునకు మందే లేకుండెను. దాని సోదరియైన మెథోట్రెక్సేటు నేడు క్యాన్సరునకే గాక కీళ్లవాతమునకును, సోరియాసిస్ అను చర్మరోగమునకును వాడబడుచున్నది. కీళ్లవాతమునకు దీనిని వారమునకొకమారే యీయవలెను. పొరపాటున దినదినము మ్రింగిన రోగి ప్రాణమే పోవచ్చును. ఈ ఒక్క మాట చీటీపై స్పష్టముగా వ్రాయుట ఫార్మసీవారి ధర్మము.

మూడవది మన యిండ్లకు వచ్చునది. బోదకాలు నివారణకై ప్రభుత్వమువారు ఇంటింట మ్రింగించు డి.ఇ.సి. మాత్ర 1947లో హెట్రజాన్ అను పేర సుబ్బారావుగారి ప్రయోగశాలనుండి వెలువడినది. మురుగునీట పుట్టు దోమ యొకరి రక్తమునుండి సూక్ష్మమైన పురుగులను గ్రహించి వేరొకరికి చేర్చును. మాత్ర ముఖ్యముగా రక్తమందలి ఆ పిల్లపురుగులను చంపి, దోమకు మోయుటకు ఏమియు లేకుండ చేయును. అందువలననే కాలు వాయని వారును మ్రింగవలెను. ఇదివరకే పెరిగిన వాపును అది పోగొట్టజాలదు. పరగడుపున మ్రింగరాదు, గర్భిణులకును, రెండేండ్లలోపు శిశువులకును, తీవ్రరోగులకును ఈయరాదు. ఈ కారణములు తెలియకనే గ్రామములలో కొందరు మాత్ర పుచ్చుకొని మూటగట్టి యుంచుదురు.

నాలుగవది ఆరియోమైసిన్. బెంజమిన్ డగ్గర్ అను వృక్షశాస్త్రాచార్యుడు డెబ్బదియేండ్లు దాటి ఉద్యోగము విరమించియుండగా, ఆయనకు లెడర్లీలో పని కల్పించిరి. అనేక స్థలముల మట్టిని పరీక్షించుచు, మిస్సోరీ రాష్ట్రపు పొలము మట్టిలో పసిడివన్నెగల యొక సూక్ష్మజీవిని ఆయన కనుగొనెను. దానినుండి వచ్చిన మందు 1948లో లోకమునకు తెలిసెను. టెట్రాసైక్లిన్ అను కుటుంబమున ఇది మొదటిది. నేటి డాక్సీసైక్లిన్ ఆ కుటుంబములోనిదే. టెట్రాసైక్లిన్‌ను పాలతో మ్రింగిన గుణము తగ్గును. గర్భిణులకును, ఎనిమిదేండ్లలోపు పిల్లలకును ఇచ్చిన పిల్లల పండ్లు రంగు మారును.

ఇన్ని మందులు వెలువడుచున్న కాలముననే, 1948 ఆగస్టులో, సుబ్బారావుగారు పెర్ల్ రివర్‌లో రాత్రి నిద్రయందే గుండె ఆగి మరణించిరి. వయస్సు 53 సంవత్సరములు. 1922లో విడిచి వచ్చిన భార్యను మరల చూడలేదు. అమెరికా పౌరసత్వము పొందు వీలు కలిగినను పొందలేదు. కీర్తిని వెదకక తమ బృందమువారిని ముందునకు త్రోయుట వారి స్వభావమగుటచే, స్వదేశమున సయితము చాలకాలము వారి పేరు కొలదిమందికే తెలిసియుండెను. శతజయంతి సంవత్సరమైన 1995లో భారత ప్రభుత్వము వారి చిత్రముతో తపాలా బిళ్ల వెలువరించినది.

ఇంకొక్క సంగతి చెప్పి ముగింతుము. నేటి వైద్యగ్రంథమున ఉష్ణదేశపు స్ప్రూ రోగమునకు చికిత్స యేమని చూచినచో రెండు మందులు కలిపి వ్రాసియుండును: ఫోలిక్ ఆమ్లము, టెట్రాసైక్లిన్. కొన్ని మాసములు ఈ రెంటిని వాడిన రోగి కోలుకొనును. ఆ రెండును సుబ్బారావుగారు నడపిన ప్రయోగశాల ఫలములే. సోదరులను బలిగొన్న రోగమునకు మందు వచ్చెను. సోదరులకు మాత్రము అందలేదు. నేడు ఆ మాత్రలు మందుల దుకాణములలో కొలది రూపాయలకు దొరకుచున్నవి. మన పిల్లలు ఔషధశాస్త్రము చదువునపుడు ఆ రెండు వరుసల నడుమ ఈ యింటిని తలచికొందురుగాక. పరీక్షలో ఒకటి రెండు మారులు తప్పినవారు, మెట్రిక్యులేషనులో రెండు మారులు తప్పిన ఈ భీమవరపు బాలుని తలచికొని, మూడవ మారు పుస్తకము తెరతురుగాక.