రాబర్ట్ ఓవెన్

నూలుమిల్లుల యజమానిగా ఉంటూనే లాభాపేక్ష లేని సమాజాన్ని భావించినవాడు రాబర్ట్ ఓవెన్. 1771లో వేల్స్‌లోని న్యూటౌన్‌లో జన్మించాడు. 1800లో స్కాట్లాండులోని న్యూలానార్క్ మిల్లుల నిర్వహణ చేపట్టాడు. పత్తి దిగుమతి నిలిచి నాలుగు నెలలు పని ఆగినా కార్మికులకు పూర్తి వేతనం చెల్లించాడు. అయినా వారు తన దయపై బ్రతికే పరాధీనులేనన్న చింత ఆయనను విడువలేదు. యజమానే లేని వ్యవస్థను కోరి 1825లో అమెరికాలో న్యూహార్మనీ అనే సమష్టి గ్రామాన్ని నెలకొల్పాడు. అక్కడ వక్తలకు కొదవ లేదు. చేయి తిరిగిన పనివారే కరవయ్యారు. కొద్ది సంవత్సరాలకే అది విచ్ఛిన్నమై, ఆయన సంపదలో అధికభాగం హరించుకుపోయింది. 1832లో లండనులో శ్రమ వినిమయశాల తెరిచాడు. అందులో నాణేలకు బదులు, పనిగంటలను తెలిపే చీటీలు చెల్లేవి. అదీ 1834లో మూతపడింది. ఆయన భావాలు నచ్చిన రోచ్‌డేల్ శ్రామికులు 1844లో తెరిచిన సహకార దుకాణం మాత్రం, లాభాన్ని కొనుగోలుదారులైన సభ్యులకే పంచుతూ నిలదొక్కుకుంది. ఓవెన్ 1858లో న్యూటౌన్‌లోనే మరణించాడు.