జాక్ జాన్సన్ గెలుపుకు తూకమెంత?

సావనీరుకు ఒక ప్రసిద్ధ వ్యక్తి జీవితం రాసి ఇమ్మని విద్యార్థి సంఘం కుర్రాళ్లు అడిగినప్పుడు, ఏ దేశనాయకుని గురించో రాస్తానని వారు అనుకొని ఉంటారు. నాకు మాత్రం ఒక పాత తగాదా గుర్తొచ్చింది.

నేను ఎలమంచిలి వాణ్ణి. చిన్నప్పుడు ఓ సంక్రాంతికి మా ఊరి కళ్లంలో కుర్రాళ్లకు కుస్తీలు పెట్టారు. నాకన్నా జానెడు పొట్టిగా ఉన్న గుంటణ్ణి ఎత్తి పడేసి, ఇత్తడి చెంబు గెలుచుకొని ఇంటికొచ్చాను. మా మావయ్య చెంబు వైపు చూడనేలేదు. ఆ గుంటడు ఏపాటి ఉంటాడని అడిగాడు. చెప్పాను. మరి మాట్లాడలేదు. చెంబు ఆ రోజే అటకెక్కింది.

కాలేజీలో చేరాక హాస్టలు మెస్సులో ఇదే ప్రశ్న మళ్లీ ఎదురైంది. మన బీచి రోడ్డులో విగ్రహమై నిలిచిన కోడి రామమూర్తి నాయుడి విషయంలో ఎవరికీ పేచీ లేదు. ఆయన ఛాతీ మీదికి ఎక్కింది ఏనుగు! పేచీ అంతా అమెరికా ముష్టియోధుడు జాక్ జాన్సన్ గురించి. తనకన్నా పొట్టివాణ్ణి కొట్టి ప్రపంచ విజేత అయ్యాడు, అందులో గొప్పేముందని ఒక మిత్రుడు వాదం లేవదీశాడు. అది మావయ్య మాటలాగే తోచి నాకు రోషం వచ్చింది. లైబ్రరీలో దొరికిందల్లా చదివాను.

జాన్సన్ 1878 మార్చి 31న టెక్సాస్ రాష్ట్రంలోని గాల్వెస్టన్ రేవు పట్నంలో పుట్టాడు. తల్లిదండ్రులు ఒకప్పుడు బానిసలు. 1903లో నల్లజాతి వారికని విడిగా పెట్టిన హెవీవెయిట్ బిరుదు గెలిచాడు. అసలు బిరుదు తెల్లవాడైన జెఫ్రీస్ దగ్గర ఉండేది. విజేతగా ఉన్నంతకాలం నల్లవాడితో తలపడనని భీష్మించి, 1905లో అతను ఓటమి ఎరుగకుండానే తప్పుకున్నాడు. తర్వాత ఆ బిరుదు కెనడావాడు టామీ బర్న్స్‌కు దక్కింది. జాన్సన్ అతని వెంటబడి లండన్ మీదుగా ఆస్ట్రేలియా దాకా వెళ్లాడు. చివరికి బర్న్స్‌కు 30,000 డాలర్లు, జాన్సన్‌కు 5,000 డాలర్లు అన్న బేరం మీద పోటీ కుదిరింది.

1908 డిసెంబరు 26న సిడ్నీలో ఇద్దరూ బరిలో దిగారు. బర్న్స్ ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు, బరువు 168 పౌండ్లు. జాన్సన్ ఆరడుగులు దాటినవాడు, 192 పౌండ్లు. మొదటి నుంచీ ఏకపక్షమే. పద్నాలుగో రౌండులో పోలీసులు కల్పించుకొని పోటీ ఆపించారు.

నా మిత్రుడు పట్టుకున్నది ఈ 24 పౌండ్ల తేడానే. కాదనను, తేడా చిన్నది కాదు. కాని ఆ బర్న్సే తనకన్నా పెద్దవాళ్లను కొట్టి బిరుదు నిలబెట్టుకున్నవాడు. అప్పుడెవరూ అతన్ని పొట్టివాడని జాలిపడలేదే! పైగా ఎదుటివాణ్ణి ఎంచుకొనే వీలు జాన్సన్‌కు ఎక్కడిది? బిరుదు ఎవడి దగ్గరుంటే వాడితోనే కదా పోరాడాలి.

1909 అక్టోబరులో మిడిల్‌వెయిట్ విజేత కెచెల్‌తో జరిగిన పోటీ సంగతి వేరు. అతను ఇంకా తేలిక. అయినా పన్నెండో రౌండులో ఒక్క గుద్దుతో జాన్సన్‌ను కింద పడేశాడు. జాన్సన్ లేచిన మరుక్షణమే కెచెల్ పని అయిపోయిందనుకోండి! ఆ గెలుపును నేను పెద్దగా లెక్కలో వేయను.

1910 జూలై 4న రీనోలో పాత విజేత జెఫ్రీస్ తిరిగొచ్చాడు. ఈసారి జాన్సనే తేలిక. అవతలివాడు 227 పౌండ్లు. పదిహేనో రౌండులో జెఫ్రీస్ కూలాడు. దేశమంతటా అల్లర్లు చెలరేగి మనుషులు చచ్చిపోయారు. అప్పుడు విమర్శ బరువు మీంచి వయసు మీదికి మళ్లింది. జెఫ్రీస్ ముసలాడైపోయాడట! ఇందులో కొంత నిజం లేకపోలేదు. అతను ఆరేళ్లుగా రింగు ఎక్కలేదు. కాని 1915లో హవానాలో ఆరున్నర అడుగుల విల్లర్డ్, 37 ఏళ్ల జాన్సన్‌ను ఇరవయ్యారో రౌండులో పడగొట్టినప్పుడు మాత్రం ఎత్తూ వయసూ లెక్కలు తీసే ఓపిక చాలామందికి లేకపోయింది. ఈ మాటతో మెస్సులో నేను గెలిచాననే అనుకున్నాను.

అయితే తర్వాత చదివిన ఒక సంగతి నా నోరు మూయించింది. 1906లో జాన్సన్, శామ్ లాంగ్‌ఫర్డ్ అనే మరో నల్లజాతి యోధుణ్ణి పదిహేను రౌండ్లలో ఓడించాడు. లాంగ్‌ఫర్డ్ బర్న్స్ కన్నా తేలిక, ఎత్తూ అంతంతే. తర్వాత అతను ఒళ్లు పెంచి, పెద్దపెద్ద వాళ్లను మట్టి కరిపించి, బిరుదు కోసం ఎంత అడిగినా జాన్సన్ ఒప్పుకోలేదు. విజేతగా ఏడేళ్లలో జాన్సన్ బిరుదు పణంగా పెట్టి తలపడిన నల్లవాడు ఒక్కడే, 1913లో పారిస్‌లో జిమ్ జాన్సన్. అది డ్రాగా ముగిసింది. నల్లవాళ్లిద్దరి పోటీకి డబ్బు రాలదన్నది ఒక కారణం కావచ్చు. కానీ తన మొహం మీద మూసిన తలుపునే తాను లోపలికెళ్లాక మూశాడు. బర్న్స్ పొట్టితనం జాన్సన్ ఖాతాలోంచి నేను తీసివేసేది ఏమీ లేదు. తీసివేయాల్సింది ఏదైనా ఉంటే లాంగ్‌ఫర్డ్ పేరు మీదే.

మిగతా కథ క్లుప్తంగా చెబుతాను. తెల్ల స్త్రీతో సంబంధం సాకుగా పెట్టిన కేసులో 1913లో జాన్సన్‌కు శిక్ష పడింది. దేశం విడిచి పారిపోయి, 1920లో లొంగిపోయి జైలుకెళ్లాడు. 1946 జూన్ 10న కారు ప్రమాదంలో పోయాడు. ఆ కేసులో అమెరికా అధ్యక్షుడు క్షమాభిక్ష పెట్టింది 2018లో. లాంగ్‌ఫర్డ్ చూపు పోగొట్టుకొని, పేదరికంలో పడి, 1956లో చనిపోయాడు.

ఆ మిత్రుడు పూర్వ విద్యార్థుల సమావేశంలో కలిసినప్పుడల్లా బర్న్స్ ఎత్తు దగ్గరే మొదలుపెడతాడు. నేను లాంగ్‌ఫర్డ్ పేరెత్తితే, అది వేరే విషయమంటాడు. కాఫీలు చల్లారిపోతాయి.