నీలిరంగు చెప్పిన నిజం

లోహాల ఆక్సైడ్లు క్షారాలనీ, అలోహాల ఆక్సైడ్లు ఆమ్లాలనీ రసాయనశాస్త్రంలో తొలి పాఠంగా నేర్చుకొంటాం. సున్నపురాయిని కాల్చగా లభించే పొడిసున్నం కాల్షియం ఆక్సైడ్. దానిని నీటిలో కలిపితే ఎర్ర లిట్మస్ నీలిరంగుకు మారుతుంది. అయితే లోహాలన్నీ ఈ సూత్రానికి లొంగవు. లోహం ఆక్సీకరణ స్థితి పెరిగేకొద్దీ దాని ఆక్సైడ్‌లో ఆమ్లగుణం హెచ్చుతుంది. మాలిబ్డినం లోహపు ట్రైఆక్సైడ్ ఇందుకు చక్కని నిదర్శనం. అది క్షారాలలో కరిగి మాలిబ్డేట్ లవణాలనిస్తుంది. కనుక అది ఆమ్ల ఆక్సైడ్. ఆ మాలిబ్డేట్‌తోనే మానవ శరీరంలోని శక్తి రహస్యాన్ని ఛేదించిన తెలుగువాడు యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తల్లిదండ్రులు వెంకమ్మ, జగన్నాథం. పేదరికం వల్ల చదువు ఒడుదొడుకుల పాలయింది. మెట్రిక్యులేషన్‌లో మూడవ ప్రయత్నానగాని ఉత్తీర్ణత లభించలేదు. సోదరులిద్దరు స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధికి బలికావడం ఆయన మనస్సును కలచివేసింది. మద్రాసు వైద్య కళాశాలలో చదివేటప్పుడు గాంధీజీ పిలుపునందుకొని ఖద్దరు ధరించారు. అది ఆంగ్ల ఆచార్యుని ఆగ్రహానికి కారణమై, ఆయనకు పూర్తి వైద్యపట్టానికి బదులు తక్కువస్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టం మాత్రమే దక్కింది.

మామగారు, దాతలు అందించిన సహాయంతో సుబ్బారావు 1922లో అమెరికా చేరారు. హార్వర్డ్‌లో చదువుతూ, పొట్ట గడవడానికి ఆస్పత్రిలో రాత్రివేళ పరిచారకునిగా శ్రమించారు. అనంతరం సైరస్ ఫిస్క్ ప్రయోగశాలలో చేరారు. రక్తంలోను, కండరాలలోను భాస్వరం ఎంత ఉన్నదో కచ్చితంగా కొలవడం అక్కడి సమస్య.

మాలిబ్డేట్ ద్రావణాన్ని ఆమ్లీకరించి ఫాస్ఫేట్‌తో కలిపితే, ఒక్కొక్క భాస్వర పరమాణువు చుట్టూ 12 మాలిబ్డినం పరమాణువులు చేరి ఫాస్ఫోమాలిబ్డిక్ ఆమ్లం ఏర్పడుతుంది. దానిని తగిన పదార్థంతో క్షయకరణం చేస్తే గాఢమైన నీలిరంగు వస్తుంది. రంగు గాఢతను బట్టి భాస్వరం పరిమాణం తెలుస్తుంది. 1925లో ప్రకటితమైన ఈ ఫిస్క్-సుబ్బారావు పద్ధతి ప్రపంచవ్యాప్తంగా ప్రయోగశాలల్లో స్థానం సంపాదించింది.

కండరపు సారాన్ని పరీక్షించినప్పుడు మాత్రం రంగు వెంటనే పూర్తిగా రాలేదు, మెల్లమెల్లగా చిక్కబడింది. మరొకరైతే దానిని ప్రయోగదోషంగా భావించి విడిచిపెట్టేవారేమో! ఆ ఆలస్యానికి హేతువేమిటని వారు అన్వేషించారు. కండరంలో ఫాస్ఫేట్‌ను బంధించి ఉంచిన అస్థిర పదార్థమొకటి ఆ ఆమ్ల ద్రావణంలో క్రమంగా విడిపోతున్నదని తేలింది. అదే 1927లో వెల్లడైన ఫాస్ఫోక్రియాటిన్. 1929లో కండరాలకు శక్తినిచ్చే ఏ.టి.పి.ని కూడా వారు గుర్తించారు. జర్మనీలో కార్ల్ లోమన్ అదే కాలంలో దానిని స్వతంత్రంగా కనుగొన్నారు.

ఇంత సాధించినా హార్వర్డ్‌లో సుబ్బారావుకు శాశ్వత పదవి లభించలేదు. ఆయన 1940లో లెడర్లీ ప్రయోగశాలలకు తరలి, పరిశోధకులకు నాయకత్వం వహించారు. ఆ బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని సంశ్లేషించింది. సోదరులను బలిగొన్న వ్యాధికి అది మందయింది. బోదకాలు వ్యాధిపై పనిచేసే హెట్రజాన్, టెట్రాసైక్లిన్ వర్గంలో మొదటిదైన ఆరియోమైసిన్ కూడా ఆయన పర్యవేక్షణలోనే వెలువడ్డాయి. 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయస్సులో, ఆయన నిద్రలోనే కన్నుమూశారు. మాతృభూమికి మరల రాలేదు.

జీవితకాలంలో ఆయనకు దక్కిన కీర్తి స్వల్పం. భారత ప్రభుత్వం 1995లో, శతజయంతి సందర్భంగా, ఆయన స్మారక తపాలాబిళ్ళను విడుదల చేసింది. లోహపు ఆక్సైడ్ గనుక క్షారమే అయి ఉంటుందని ముందే నిర్ణయించుకొంటే మాలిబ్డినం స్వభావం మనకు బోధపడదు, పరీక్షించి చూడాలి. తక్కువస్థాయి పట్టంతో బయలుదేరిన సుబ్బారావు విషయంలోనూ అంతే. ఆయన విలువను నిర్ణయించింది ఆ పట్టం కాదు, ఆయన చేసిన పని.