పియానో విద్వాంసుడు ఆర్తూర్ ష్నాబెల్

కాళిదాస కావ్యాలకు మన మెతుకుసీమ పండితుడైన మల్లినాథసూరి ఎటువంటివాడో, బీథోవెన్ పియానో సొనాటాలకు ఆర్తూర్ ష్నాబెల్ అటువంటివాడని మేము తలుస్తున్నాము. ఇద్దరి ధ్యేయమూ ఒక్కటే: మూలాన్ని మరుగుపరచక, దానిని వెలుగులోనికి తేవడం.

ష్నాబెల్ 1882 ఏప్రిల్ 17న, నాడు ఆస్ట్రియా సామ్రాజ్యంలోను, నేడు పోలెండులోను ఉన్న లిప్నిక్‌లో ఒక యూదు కుటుంబాన జన్మించారు. బాల్యంలోనే వియన్నా చేరి, తొమ్మిదవ ఏట లెషెటిట్స్కీ అనే ప్రసిద్ధ గురువును ఆశ్రయించారు. ఆ గురువు ఈ బాలుని వేళ్ల వేగంతో సభను మురిపించే రచనల జోలికి పోనీయక, నాడు ఎవరూ అంతగా పట్టించుకోని షూబర్ట్ సొనాటాల వైపు మళ్లించారు. అదే ఆయనకు జీవితమార్గమైనది. బెర్లిన్‌లో స్థిరపడిన ష్నాబెల్, బీథోవెన్ శతవర్ధంతి సంవత్సరమైన 1927లో ఆ మహనీయుని 32 సొనాటాలనూ అక్కడే వరుస కచేరీలలో వినిపించారు.

గ్రామఫోను అంటే మాత్రం ఆయనకు చాలాకాలం విముఖత. శ్రోతలు లేని గదిలో ఒకనాడు వాయించినది ఎల్లకాలానికీ ప్రమాణమై నిలిచిపోవడం ఆయనకు సమ్మతం కాలేదు. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ గాత్రాన్ని రికార్డు చేసిన ఫ్రెడ్ గైస్‌బర్గే చివరికి ఆయనను ఒప్పించారు. 1932 నుండి 1935 వరకు లండన్‌లో హెచ్.ఎం.వి. సంస్థ 32 సొనాటాలనూ రికార్డు చేసినది. సంపూర్ణంగా రికార్డయిన తొలి సంపుటం ఇదే. నాటి ప్లేటు ఒక్కొక్క వైపు సుమారు 4 నిమిషాలే పలికేది. ఒక్క స్వరం తప్పినా, దిద్దాలంటే ఆ వైపంతా తిరిగి వాయించవలసిందే.

ఆయన వాయించినది బీథోవెన్ నాటి వాద్యం కాదు. ఆనాటి పియానోకు కొయ్య చట్రం, సన్నని తీగెలు, తోలు తొడిగిన చిన్న సుత్తులు ఉండేవి. ఆధునిక పియానోకు పోత ఇనుప చట్రం, దళసరి తీగెలు, ఒత్తిన ఉన్ని సుత్తులు ఉంటాయి. ‘మూన్‌లైట్’గా పేరొందిన సొనాటా తొలి భాగమంతటా, నాదాన్ని అణచే మెత్తలను ఎత్తి ఉంచాలని బీథోవెన్ సూచించారు. నాటి వాద్యంలో నాదం త్వరగా సన్నగిల్లేది. నేటి వాద్యంపై ఆ సూచనను యథాతథంగా పాటిస్తే స్వరాలు కలగాపులగమవుతాయి. కనుక అక్షరంతో పాటు ఆశయాన్నీ గ్రహించాలి.

బీథోవెన్ కాలప్రమాణాన్ని అంకెలలో నిర్దేశించిన పియానో సొనాటా 106వ కృతి ఒక్కటే. అసాధ్యమనిపించే ఆ వేగాన్ని ష్నాబెల్ బరువైన ఆధునిక పియానోపై అందుకోబూనారు. కొన్ని స్వరాలు తడబడినవి. అయినా ఆ తడబాటు రికార్డులో నిలిచినది. రచనలోని ఆవేశమూ నిలిచినది.

రికార్డింగు సాగుతుండగానే, 1933లో హిట్లర్ అధికారానికి రాగా, ష్నాబెల్ జర్మనీని విడిచారు. 1939లో అమెరికా చేరారు. వియన్నాలో మిగిలిపోయిన వృద్ధమాత 1942లో నాజీ నిర్బంధ శిబిరంలో మరణించారు. ఆయన జర్మనీలో గాని ఆస్ట్రియాలో గాని మరల కచేరీ చేయలేదు. 1951 ఆగస్టు 15న స్విట్జర్లండులో కన్నుమూశారు.

బెర్లిన్ పోగొట్టుకొన్న ఆ వాదనాన్ని, ఆయన శంకించిన యంత్రమే లోకానికి దక్కించినది. తప్పు దొర్లకుండా ఉండడమే విద్య కాదనీ, మూలం కోరినంతా ఇవ్వబూనడమే విద్య అనీ ఆ రికార్డులు నేటికీ చాటుతున్నవి. మన విద్యార్థులు గ్రహింపదగిన విషయం ఇదేనని మా విశ్వాసం.