దాదాభాయి నౌరోజీ – అయిదు వోట్ల విజయము

భారత పితామహుడని ప్రసిద్ధిగాంచిన దాదాభాయి నౌరోజీగారు 1825 సెప్టెంబరు 4వ తేదీన బొంబాయిలో ఒక పేద పార్సీ కుటుంబమున జన్మించిరి. నాలుగేండ్ల ప్రాయముననే తండ్రి గతింపగా, తల్లి మాణెక్‌బాయి అనేక కష్టముల కోర్చి కుమారుని విద్యావంతుని గావించెను. పెరిగి పెద్దవాడై ఆయన ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో గణితాచార్య పదవి నలంకరించిరి.

మన దేశపు ధనము ఏటేట ఇంగ్లండునకు తరలిపోవుచున్నదని ఆయన లెక్కలతో నిరూపించిరి. ఆ మాటను పార్లమెంటులోనే వినిపింపవలెనని సంకల్పించి, 1886లో లండనులోని హోబర్న్ నియోజకవర్గమున లిబరల్ అభ్యర్థిగా నిలిచి ఓడిపోయిరి. 1888లో ప్రధానమంత్రి సాలిస్బరీ ప్రభువు, నల్లవానిని ఆంగ్లేయు లెన్నుకొనరను భావముతో ఆయనను పరిహసించెను. ఆ పరిహాసమే ఆయన పేరును దేశమంతట వ్యాపింపజేసెను.

1892లో సెంట్రల్ ఫిన్స్‌బరీ వోటర్లు కన్సర్వేటివ్ అభ్యర్థి పెంటన్‌ను కాదని, 5 వోట్ల ఆధిక్యముతో నౌరోజీగారిని గెలిపించిరి. సివిల్ సర్వీసు పరీక్షలు భారతదేశమునందును ఏకకాలమున జరుపవలెనను తీర్మానమును 1893లో కామన్సు సభ ఆమోదించెను. కాని ప్రభుత్వము దాని నమలుపరుపలేదు. 1895లో అచ్చటనే ఓడిపోయిరి. 1906లో నార్త్ లాంబెత్‌లోను జయము లభింపలేదు. అయినను ఆ యేడే, ఎనుబది దాటిన వయస్సున, కలకత్తా కాంగ్రెసు కధ్యక్షత వహించి స్వరాజ్యమే గమ్యమని చాటిరి.

1917 జూన్ 30వ తేదీన ఆయన పరమపదించిరి. మరుసటి యేడు ఆ నియోజకవర్గమును రద్దయ్యెను. ఒక్కొక్క వోటు విలువ యెంతటిదో ఆ అయిదు వోట్లు నేటికిని మనకు బోధించుచున్నవి.