పరిహారానికి పూచీ ఎవరు?

రాజ్యాంగ నిర్మాతగా అంబేడ్కర్‌ను ఏటా స్మరించుకునే మనం, వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మికశాఖను నిర్వహించిన అంబేడ్కర్‌ను దాదాపు మరచిపోయాం. పనిలో చేయి తెగిన మనిషికి ఎవరు, ఎంత, ఎప్పుడు చెల్లించాలన్న ప్రశ్నకు ఆయన జీవితంలో ఉన్న చోటు చిన్నదేమీ కాదు.

లండన్‌లో న్యాయవిద్య ముగించి ఆయన బొంబాయికి తిరిగివచ్చింది 1923లో. కార్మికుల నష్టపరిహార చట్టం పుట్టిందీ ఆ సంవత్సరమే. హైకోర్టులో న్యాయవాదిగా నిలదొక్కుకుంటున్న రోజుల్లో ఆయన కాపురం పరేల్‌లోని చాల్‌లో. చుట్టూ బట్టల మిల్లుల కార్మికులు. ఆ మిల్లుల నేత విభాగంలోకి అస్పృశ్యులను రానిచ్చేవారు కాదు. దారాన్ని నోటితో పీల్చి నాడెలోకి ఎక్కించాలి గనుక మైల సోకుతుందని సవర్ణ కార్మికుల అభ్యంతరం. మంచి కూలి దక్కే మగ్గం వారిది, తక్కువ కూలి పనులు వీరివి. చట్టమేమో పరిహారాన్ని కూలిని బట్టి లెక్కగట్టింది. కులం కోసిన కూలి, ప్రమాదం జరిగిన నాడు పరిహారాన్నీ కోసిందన్నమాట. కార్మికోద్యమ చరిత్రకారులు ఈ లెక్కను పెద్దగా పట్టించుకోలేదు.

కాంట్రాక్టరు కింద పనిచేసినవాడికి ప్రధాన యజమానే ముందు చెల్లించి, ఆ సొమ్మును తర్వాత కాంట్రాక్టరు నుంచి రాబట్టుకోవాలని ఆ చట్టం చెప్పింది. మంచి సూత్రమే. కానీ ఆ పని తన వ్యాపారంలో భాగమే కాదని యజమాని వాదించవచ్చు. అప్పుడప్పుడు వచ్చే కూలీ అసలు కార్మికుడే కాడనీ వాదించవచ్చు. ఈ రెండో వాదనకు ఊతమిచ్చిన మాటలు చట్టంలోంచి తొలగిపోవడానికి 2000 నాటి సవరణ దాకా ఆగవలసివచ్చింది. కమిషనర్ తీర్పుపై హైకోర్టుకు వెళ్లే యజమాని ఆ మొత్తాన్ని ముందుగా జమ చేయాలన్న షరతు కూడా తర్వాత చేరినదే. అది లేకుంటే అప్పీలు ముగిసేదాకా వితంతువు చేతికి పైసా అందుతుందన్న భరోసా లేదు. ఊడ్చే, మోసే, మురుగులోకి దిగే పనులు ఏ కులాలకు అంటగట్టారో తెలిసినవారికి ఈ వ్యాజ్యాల బరువు ఎవరి మీద పడిందో వేరే చెప్పాలా?

అంబేడ్కర్ 1936లో ఇండిపెండెంట్ లేబర్ పార్టీని స్థాపించారు. 1938లో మన్మాడ్‌లో రైల్వే దళిత కార్మికుల సభకు అధ్యక్షత వహించి, బ్రాహ్మణవాదాన్నీ పెట్టుబడిదారీ విధానాన్నీ శ్రామికుల ఉమ్మడి శత్రువులుగా నిలబెట్టారు. అదే ఏడాది నవంబరు 7న పారిశ్రామిక వివాదాల బిల్లుకు వ్యతిరేకంగా బొంబాయిలో సమ్మె నడిపారు.

1942 జులైలో కార్మికశాఖ ఆయన చేతికి వచ్చింది. యుద్ధకాలం, బాంబుల భయం. 1943లో యుద్ధ గాయాల పరిహార బీమా చట్టాన్ని ఆయనే కేంద్ర శాసనసభ ముందుకు తెచ్చారు. 1923 చట్టం యజమానిపై బాధ్యత మోపింది గానీ బీమా చేయించి తీరాలని నిర్బంధించలేదు. యజమాని దివాలా తీస్తే తీర్పు కాగితంగానే మిగులుతుంది. కొత్త చట్టం ఆ కంత పూడ్చింది: యజమాని ప్రభుత్వం వద్ద బీమా చేయించి తీరాలి. యుద్ధం మట్టుకే పరిమితమైన చట్టం కావడంతో దీన్ని న్యాయశాస్త్ర పుస్తకాలు ఒక్క వాక్యంతో దాటేస్తాయి. పరిహారం యజమాని దయమీదా కోర్టు ఓపికమీదా ఆధారపడకూడదన్న ఆలోచన మాత్రం ఇందులో స్పష్టంగా ఉంది.

ఆ డిసెంబరులోనే ఆయన ధన్‌బాద్ ప్రాంతపు బొగ్గు గనులను స్వయంగా చూశారు. కార్మికుల ఆరోగ్య బీమాకు ప్రణాళిక రూపొందించే పని అదార్కర్‌కు అప్పగించిందీ ఆయన హయాంలోనే. 1944లో నివేదిక వచ్చింది. 1946లో ఆయన మండలిని వీడారు. ఆ నివేదిక పునాదిగా 1948లో ఉద్యోగుల రాజ్య బీమా చట్టం వెలువడినప్పుడు ఆయన న్యాయశాఖ మంత్రి. యంత్రశక్తితో నడుస్తూ 20 మందికి తక్కువ కాకుండా పనివారున్న ఫ్యాక్టరీలకే ఆ చట్టం మొదట వర్తించింది. పొలం కూలీ, పాకీ కార్మికుడు దాని గడప బయటే ఉండిపోయారు.