ఆస్పత్రి ఆరోగ్యం నీళ్లలోనే ఉంది: మోక్షగుండం విశ్వేశ్వరయ్య జీవితం



సెప్టెంబరు 15న ఇంజినీర్స్ డే. ఆ రోజు మీ పిల్లలు చార్టు మీద డ్యాం బొమ్మ, పక్కన తలపాగా పెట్టుకున్న పెద్దాయన బొమ్మ గీస్తారు. ఆయనే మోక్షగుండం విశ్వేశ్వరయ్య. డ్యాంల సంగతి పిల్లలకు పాఠాల్లో ఉంటుంది. మంచినీళ్లు, మురుగునీళ్ల కోసం ఆయన పడిన శ్రమ గురించి మీరు ఇంట్లో చెప్పండి.

విశ్వేశ్వరయ్య పుట్టింది కర్ణాటకలోని ముద్దెనహళ్లిలో. పూర్వీకులది మాత్రం మన గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం. చిన్న వయసులోనే తండ్రి పోయారు. బెంగళూరులో పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ 1881లో డిగ్రీ పూర్తిచేశారు. పూనాలో ఇంజినీరింగ్ చదివి, 1884లో బొంబాయి ప్రభుత్వ ఉద్యోగంలో చేరారు.

సింధు నది ఒడ్డున ఉన్న సుక్కూరు పట్టణానికి మంచినీళ్లు ఇవ్వాల్సిన బాధ్యత ఆయన మీద పడింది. నది నీళ్లేమో బురద. వడపోత కట్టడానికి మున్సిపాలిటీ దగ్గర డబ్బు లేదు. ఆయన నదిలోనే బావి తవ్వించారు. ఇసుక పొరల్లోంచి దిగిన నీళ్లు తేటగా బావిలోకి చేరాయి. ఖర్చు తక్కువ, పని గట్టిది. 1906లో ఏడెన్ నగరానికి నీటి సరఫరా, డ్రైనేజీ ఎలా ఉండాలో చూడమని ప్రభుత్వం ఆయననే పంపింది.

ఇక మన ఊరి కథ. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. ఎగువన 200కు పైగా చెరువులు తెగాయి. వేల మంది చనిపోయారు. నది ఒడ్డునే ఉన్న అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి వరదలో దెబ్బతింది. అక్కడి చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఉన్న చోటే తర్వాత ఉస్మానియా ఆస్పత్రి లేచింది.

1909లో నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్యను పిలిచింది. వరదను ఆపే ఉపాయం చెప్పి ఊరుకోలేదాయన. ఎగువన జలాశయాలతో పాటు నగరానికి డ్రైనేజీ కూడా ఉండాలన్నారు. ఆ ఆలోచన నుంచే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. 1922లో మళ్లీ వచ్చి డ్రైనేజీ పనులకు సలహాలిచ్చారు. 1955లో భారతరత్న అందుకుని, 1962లో నూరేళ్ల వయసులో కన్నుమూశారు.

ఆయన డాక్టరు కాదు. అయినా ఏ డాక్టరుకైనా ఆయన పని కావాలి. కుళాయిలో నీళ్లు రాకపోతే నర్సు చేతులు ఎలా కడుక్కుంటుంది? కాన్పు గది ఎలా శుభ్రమవుతుంది? మురుగు పోయే దారి లేకపోతే ఒక రోగి నుంచి ఇంకో రోగికి జబ్బు పాకుతుంది. జ్వరంతో వెళ్లిన పిల్లాడు విరేచనాలతో ఇంటికి రావచ్చు. అందుకే 2019లో ప్రపంచ ఆరోగ్య సభ, ఆస్పత్రుల్లో నీళ్లు, మరుగుదొడ్లు, పరిశుభ్రత మీద ప్రత్యేకంగా తీర్మానం చేసింది.

ఉస్మానియా ముందు నుంచి పారే మూసీ దిగువకు మన అంబర్‌పేట్ వైపే వస్తుంది. ఇక్కడి మురుగునీటి శుద్ధి కేంద్రం రోజుకు 33.9 కోట్ల లీటర్ల సామర్థ్యంతో కట్టింది. పక్క నుంచి వెళ్లేటప్పుడు ముక్కు మూసుకుంటాం, సహజమే. కానీ ఇళ్ల నుంచీ ఆస్పత్రుల నుంచీ వచ్చే మురుగు శుద్ధి కాకుండా నదిలో కలిస్తే దిగువ ఊళ్ల పిల్లలకు ఆ కష్టం చేరుతుంది. ఆ సంగతి పిల్లలకు చెప్పండి.

ఈసారి పిల్లల్ని ఏ క్లినిక్‌కు తీసుకెళ్లినా మూడు విషయాలు గమనించండి. చేతులు కడిగే చోట నీళ్లు, సబ్బు ఉన్నాయా? మరుగుదొడ్డి వాడేలా ఉందా? మీ బిడ్డను ముట్టుకునే ముందు సిబ్బంది చేతులు శుభ్రం చేసుకున్నారా? లేకపోతే మర్యాదగా అడగండి. అడగడం తప్పు కాదు, మీ హక్కు. అదే ప్రశ్నలు మా స్కూలు కుళాయిల గురించి, టాయిలెట్ల గురించి కూడా అడగండి. మీ పిల్లలు రోజులో ఎక్కువసేపు ఉండేది ఇక్కడే కదా.